8 ప్లేట్ల క్యాసెట్‌కి 9 స్పీడ్ షిఫ్టర్: ఒక సింగ్‌నగర్ సైకిల్ కేసు

ఈ సైకిల్ నా దగ్గరికి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి నేను తప్పు చోట వెతికాను, డబ్బులు కూడా తీసుకున్నాను. అసలు జబ్బు రెండోసారి దొరికింది. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

సైకిల్ యజమాని ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ఇల్లు సింగ్‌నగర్‌లో. రోజూ ఫ్లైఓవర్ ఎక్కి దిగి బెంజ్ సర్కిల్ వైపు కాలేజీకి వెళ్తారు. ఆదివారాలు ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి, ఓపిక ఉంటే కరకట్ట మీద వెంకటపాలెం దాకా. సైకిల్ 700 సైజు చక్రాల హైబ్రిడ్, ముందు మూడు చైన్‌వీళ్ళు, వెనక ఎనిమిది ప్లేట్లు (ఈ పళ్ళ చక్రాల కట్టనే క్యాసెట్ అంటాం), షిమానో గేర్లు. ఖరీదైనదేం కాదు గానీ శ్రద్ధగా వాడుకున్న బండి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ పరిస్థితి ఏమిటో బెజవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు. మెట్ల కింద గొలుసేసి కట్టిన ఈ సైకిల్ ఐదు రోజులు నీళ్ళలోనే ఉంది. నీరు తీశాక ఊళ్ళో ఏ మెకానిక్ షాపు ముందు చూసినా బళ్ళ బారులే. ఆ హడావుడిలో ఈయన దొరికిన షాపులో ఇచ్చేశారు. అక్కడ బేరింగులు కడిగి గ్రీజు పెట్టారు, తుప్పు పట్టిన క్యాసెట్, చైను తీసేసి కొత్తవి వేశారు, బిగుసుకుపోయిన కుడి షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేర్ మార్చే మీట) తీసేసి ఇంకో షిఫ్టర్ వేశారు. ఆ షాపు వాళ్ళని తిట్టాలని నాకు లేదు, ఆ నెలలో నేనూ అలాంటి పనులు కొన్ని చేసి ఉంటాను.

నా దగ్గరికి వచ్చింది ఐదు నెలల తర్వాత, ఫిబ్రవరిలో. "ఏం లేదు బాబూ, మధ్య గేర్లలో ఒకటే గరగర. చిన్న ప్లేటు మీద నిశ్శబ్దం, పెద్ద ప్లేటు మీద నిశ్శబ్దం, మధ్యలో మాత్రం పిండిమర" అన్నారు. ఇంతకంటే సరిగ్గా జబ్బు లక్షణం చెప్పేవాళ్ళు ఉండరు, ఆ మాట పట్టుకుని ఆలోచిస్తే అక్కడే తేలిపోవాల్సింది. నేనేం చేశానంటే సైకిల్‌ని స్టాండుకెక్కించి, చైనుని ప్లేటు నుంచి ప్లేటుకి జరిపే డిరైలర్ హద్దు దాటకుండా ఆపే లిమిట్ స్క్రూలు రెండు చివర్లా సరిగ్గానే ఉన్నాయని చూసుకుని, వెనక నుంచి ఒక కన్ను మూసి డిరైలర్ వంక చూశాను. డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ కొద్దిగా లోపలికి వంగినట్టు కనిపించింది. గేజి పెట్టి రిమ్ము చుట్టూ నాలుగు చోట్ల కొలిస్తే పైకీ కిందకీ 4 మిల్లీమీటర్ల తేడా. సరే దొరికాడు దొంగ అనుకుని దాన్ని సరిచేసి, గేర్ వైరు టెన్షన్ మళ్ళీ పెట్టి, 250 రూపాయలు తీసుకుని పంపించేశాను. స్టాండు మీద శబ్దం కాస్త తగ్గింది కూడా. హ్యాంగర్ వంకర నిజమే, కానీ ఆయన చెప్పిన శబ్దానికి కారణం అది కాదు.

ఆరో రోజు పొద్దున్నే సైకిల్ నడిపించుకుంటూ వచ్చారు, ప్యాంటు మోకాలి దగ్గర చిరిగి ఉంది. ఫ్లైఓవర్ సగం ఎక్కాక సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతుంటే చైను ఒక ప్లేటు మీంచి పక్కదాని మీదికి దూకిందట, పెడల్ ఒక్కసారిగా కిందికి జారి మోకాలు వెళ్ళి హ్యాండిల్ స్టెమ్ముకి కొట్టుకుంది. వెనక బస్సేమీ లేదు కాబట్టి సరిపోయింది. ఆయన గట్టిగా ఏమన్నా అని ఉంటే బాగుండేది, ఏమీ అనకుండా స్టూలు లాక్కుని కూర్చుని "చూడు బాబూ" అన్నారు.

ఈసారి స్టాండు మీద గేర్లు మార్చే పనే పెట్టుకోలేదు. వెనక చక్రం ఊడదీసి, క్యాసెట్ తీసి, కిరసనాయిల్‌తో కడిగి తలుపు దగ్గర వెలుతురులో పెట్టాను. 11, 13, 15, 18, 21, 24, 28, 32 పళ్ళ ప్లేట్లు ఎనిమిది. 11, 13, 15 కొత్తవాటిలాగే ఉన్నాయి, 28, 32 కూడా అంతే. 18 మీద కొద్దిగా గీతలు. 21, 24 మాత్రం పాడైపోయాయి, కానీ ఆ పాడైన తీరే వేరు. మామూలుగా సాగిపోయిన చైనుతో ఎక్కువ తొక్కితే పన్ను ఒక పక్కకి వాలి సొరచేప రెక్కలా అవుతుంది, పన్నుకీ పన్నుకీ మధ్య గుంట వెడల్పవుతుంది. ఇక్కడ గుంటలు బాగానే ఉన్నాయి, పళ్ళ కొసలు మాత్రం పక్క నుంచి చెక్కేసినట్టు ఉన్నాయి. 21 ప్లేటు లోపలి ముఖం మీద వేలు పెట్టి తిప్పితే ఇనుప పొరక లేచి చర్మానికి గీరుకుంది. చైను ఎక్కడానికి వీలుగా ప్లేటు పక్కన చెక్కి ఉండే వాలు గాడులు ఉంటాయి కదా, 24 ప్లేటు మీద వాటి అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. డిరైలర్‌లో చైనుని నడిపించే రెండు చిన్న జాకీ చక్రాల్లో పైదాని ప్లాస్టిక్ పళ్ళు కూడా పక్కల నుంచి పలచబడ్డాయి.

చైను ఎంత శాతం సాగిందో చూపే గేజి పెట్టాను. 0.5 దిగింది, 0.75 దిగలేదు. అంటే పొడవులో పెద్దగా సాగలేదు, ఆ షాపు వాళ్ళు వేసింది తొమ్మిది స్పీడ్ చైను, దానికి ఇంకా కొంత జీవితం ఉండాలి. కానీ ఒక జానెడు ముక్కని పక్కకి వంచి చూస్తే కొత్త చైను కంటే చాలా ఎక్కువ వంగుతోంది, బయటి పలకల అంచులు అద్దంలా మెరుస్తున్నాయి. ఇక్కడ రెండు అరుగుదలలని కలిపేయకూడదు. చైను పొడవు సాగడం అనేది పిన్నుకీ లోపలి పలకలకీ మధ్య దుమ్ము చేసే పని, అది కరకట్ట ఇసుకకి రాసుకోవాలి. పలకల అంచులూ పళ్ళ కొసలూ పక్క నుంచి అరగడం మాత్రం చైను రోజూ వంకరగా ప్లేటు మీదికి వస్తే జరిగేది. అరిగిన చైను కనిపించగానే దుమ్ము అనేసి, నూనె సరిగ్గా వేయలేదని కస్టమర్‌కి క్లాసు పీకడం మా అందరికీ అలవాటే.

అనుమానం తీరక ఒక పని చేశాను. క్యాసెట్ మళ్ళీ ఎక్కించి, 18, 21, 24 ప్లేట్ల పళ్ళకి ఎర్ర మార్కర్‌తో రంగు పూసి, 21 ప్లేటు మీద పెట్టి గుణదల వైపు రెండు కిలోమీటర్లు తొక్కి వచ్చాను. చైను సరిగ్గా కూర్చుంటే రోలర్ ఆనే చోట, అంటే గుంటలోనూ పన్ను ముందు వాలులోనూ రంగు పోవాలి. 21 మీద గుంటలో రంగు చాలా చోట్ల అలాగే ఉంది. పోయింది కొసన, లోపలి పక్కన. 24 మీద నేను అసలు తొక్కనే లేదు, దాని బయటి అంచున కూడా ఎరుపు పోయింది. చైను ఒక ప్లేటు మీద ఉంటూ పక్కదాన్ని గీరుతోంది అన్నమాట.

అప్పుడు చేశాను మొదటి రోజే చేయాల్సిన పని: క్లిక్కులు లెక్కపెట్టడం. షిఫ్టర్ మీద గేర్ నంబరు చూపించే గాజు కిటికీ లేదు, ఆ మోడలే అంత. డిరైలర్ దగ్గర వైరు వదులు చేసి, చేత్తో లాగి పట్టుకుని బొటనవేలి లీవర్ నొక్కుతూ పోయాను. ఎనిమిది ప్లేట్ల మధ్య ఏడు అడుగులు ఉంటాయి కాబట్టి ఏడు క్లిక్కులు రావాలి. ఎనిమిది వచ్చాయి. నమ్మలేక మాస్టారి చేత కూడా లెక్కపెట్టించాను. ఎనిమిదే. ఆ షిఫ్టర్ తొమ్మిది స్పీడ్‌ది.

మరి సైకిల్ మీద ఉన్నప్పుడు ఎనిమిదో క్లిక్కు ఎందుకు తెలియలేదు అంటే, లోపలి లిమిట్ స్క్రూ దాన్ని సగంలో ఆపేస్తోంది, లీవర్ గట్టిగా అనిపిస్తుందే తప్ప క్లిక్కు పూర్తిగా పడదు. చివరి గేరు కదా, గట్టిగానే ఉంటుందిలే అనుకుంటాం.

రూఢి చేసుకోవడానికి కొలిచాను కూడా. వైరు మీద సన్నటి టేపు ముక్క అంటించి, వెర్నియర్ పెట్టి నాలుగు క్లిక్కులకి ఎంత జరిగిందో చూస్తే దాదాపు 10 మిల్లీమీటర్లు, అంటే క్లిక్కుకి 2.5. షిమానో ఎనిమిది స్పీడ్ షిఫ్టర్ క్లిక్కుకి 2.8 లాగుతుంది, నాలుగింటికి 11 దాటాలి. ఒక్క క్లిక్కు కొలిస్తే ఈ తేడా చేతి వణుకులో కొట్టుకుపోతుంది, నాలుగైదు కలిపి కొలిస్తేనే స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక్కడి నుంచి మాస్టారు పెన్ను తీసుకున్నారు. ఈ తరం షిమానో వెనక డిరైలర్ వైరు 1 మిల్లీమీటర్ లాగితే సుమారు 1.7 పక్కకి జరుగుతుంది. 2.8ని 1.7తో గుణిస్తే 4.76, ఎనిమిది స్పీడ్ క్యాసెట్‌లో ప్లేటుకీ ప్లేటుకీ దూరం 4.8, జత కుదిరింది. 2.5ని గుణిస్తే 4.25, తొమ్మిది స్పీడ్ దూరం 4.35, అదీ కుదిరింది. ఈయన సైకిల్లో ఏం జరుగుతోందంటే డిరైలర్ 4.3 చొప్పున అడుగులేస్తోంది, ప్లేట్లు 4.8 దూరంలో ఉన్నాయి. చిన్న ప్లేటు దగ్గర సున్నా పెట్టుకుంటే మొదటి క్లిక్కుకి అర మిల్లీమీటర్ వెనక, రెండుకి 1, మూడుకి 1.5, నాలుగుకి 2. ఐదో క్లిక్కుకి డిరైలర్ 21.5 దగ్గర ఉంటుంది, 21 పళ్ళ ప్లేటు 19.2 దగ్గర, 24 పళ్ళది 24 దగ్గర. సరిగ్గా నట్టనడుమ! అక్కడి నుంచి తప్పు రెండో వైపుకి మారి మళ్ళీ తగ్గుతూ పోతుంది, చివరి క్లిక్కు 34.4, పెద్ద ప్లేటు 33.6, మిగిలిన 0.8ని లిమిట్ స్క్రూ మింగేస్తుంది. అంటే మొదలు కలుస్తుంది, చివర కలుస్తుంది, మధ్యలో పిండిమర. ఆయన మొదటి రోజు చెప్పిన మాటే ఇది.

"రెండు మేడలు పక్కపక్కన కట్టి, ఒకదానికి ఎనిమిది మెట్లు, ఇంకోదానికి తొమ్మిది పెట్టినట్టుంది. నేల ఒకటే, డాబా ఒకటే" అన్నారు మాస్టారు. ఆ తర్వాత ఈ పోలిక నేను కనీసం పదిమందికి చెప్పి ఉంటాను, నాదేనన్నట్టు.

ఆయన ఐదు నెలలూ ప్రతి ఆదివారం గేర్ వైరు బిగువు మార్చే బ్యారెల్ అడ్జస్టర్ తిప్పుకుంటూనే ఉన్నారట, వీడియోలు చూసి. దానివల్ల పోదు ఎందుకంటే బ్యారెల్ తిప్పితే మొత్తం మెట్ల వరస పైకో కిందకో జరుగుతుంది తప్ప మెట్టు ఎత్తు మారదు. మధ్యలో సరిచేస్తే చివర్లలో చెడుతుంది, అది చూసి మళ్ళీ వెనక్కి తిప్పుతారు. ఇంకో సంగతి, షిమానో పై జాకీ చక్రానికి పక్కలకి కావాలనే కాస్త ఆట వదులుతారు, చిన్న చిన్న తేడాలని అది సర్దుకుంటుంది. మంచి ఏర్పాటే, కానీ ఇలాంటి కేసుల్లో అదే జబ్బుని దాచిపెడుతుంది. అర మిల్లీమీటర్ తేడాకి శబ్దమే రాదు, 1.5కి గరగర, 2 దాటితే బరువు పడ్డప్పుడు దూకుడు. స్టాండు మీద బరువు ఉండదు కాబట్టి దూకుడు కనిపించదు.

పైగా మన ఊరు చదును. ముందు 38 పళ్ళ చైన్‌వీల్, వెనక 18 లేదా 21, మామూలు వేగంతో తొక్కితే గంటకి 19 నుంచి 22 కిలోమీటర్లు. ఏలూరు రోడ్డు మీద ఎవరైనా తొక్కేది అంతే. ఫ్లైఓవర్ వస్తే 24కి దించుతారు. కొండ ఊళ్ళో ఉన్నవాళ్ళయితే పెద్ద ప్లేట్ల మీద ఎక్కువ కాలం గడిపేవాళ్ళు, ఇంత త్వరగా బయటపడేది కాదేమో. ఈయన మాత్రం రోజంతా ఆ పాడు మధ్యలోనే తిరుగుతున్నారు, దాదాపు 1,500 కిలోమీటర్లు అలా తిరిగారు.

ఇక వైద్యం. షిఫ్టర్ తప్పు కాబట్టి షిఫ్టర్ మార్చాలని మాస్టారు అనుకున్నారు, సహజమే. కానీ లెక్క చూడండి. క్యాసెట్ ఎలాగూ పోయింది, చైను కూడా పక్క ఆట వచ్చేసింది, రెండూ మార్చక తప్పదు. షిఫ్టర్ మాత్రం కొత్తది, బాగుంది. డిరైలర్ ఎనిమిదికీ తొమ్మిదికీ ఒకటే లెక్క. వెనక చక్రంలో క్యాసెట్ ఎక్కే ఫ్రీహబ్ కూడా అంతే, ఎనిమిది క్యాసెట్ ఎక్కేదాని మీద తొమ్మిది ఏ వాషరూ లేకుండా ఎక్కుతుంది. అసలు ఈ గొడవకి మూలం కూడా అదే, ఏదీ పట్టను అనదు, అన్నీ చక్కగా బిగుసుకుంటాయి, బిగిసింది కాబట్టి కలిసింది అనుకుంటాం. అందుకని షిఫ్టర్‌ని అలాగే ఉంచి సైకిల్‌నే తొమ్మిది స్పీడ్ చేసేద్దామన్నాను. 11-32 తొమ్మిది స్పీడ్ క్యాసెట్, అంటే 11, 12, 14, 16, 18, 21, 24, 28, 32. పెద్ద ప్లేటు మారలేదు కాబట్టి చైను పొడవు అదే లెక్క.

చైను దగ్గర చిన్న బేరం నడిచింది. షాపులో ఎనిమిది స్పీడ్ చైను ఉంది, తొమ్మిదికి తెప్పించాలి, ధర కూడా ఎక్కువ. "పిచ్ రెండింటికీ అర అంగుళమే కదా, అది వేసెయ్" అన్నారు. పిచ్, అంటే పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం, ఒకటే, వెడల్పు కాదు. ఎనిమిది చైను బయటి వెడల్పు 7.1 దగ్గర, సగం 3.55. తొమ్మిది క్యాసెట్‌లో ఒక ప్లేటు మధ్య నుంచి పక్క ప్లేటు ముఖం దాకా ఉన్న జాగా సుమారు 3.46. అంటే పిన్ను కొస పక్క ప్లేటుని ముట్టుకునే తిరగాలి. తొమ్మిది చైను 6.6, సగం 3.3, బొటాబొటీగా ఖాళీ ఉంటుంది. తలకిందులుగా అయితే, అంటే ఎనిమిది క్యాసెట్ మీద తొమ్మిది చైను వేస్తే నడుస్తుంది, ఆ షాపు వాళ్ళు చేసిందీ అదే, అందులో తప్పు లేదు. ఫిజిక్స్ మాస్టారితో బేరం ఆడటంలో సుఖం ఏమిటంటే అంకెలు చూపిస్తే వాదన ఆగిపోతుంది.

కేఎమ్‌సీ ఎక్స్9 చైను రెండు రోజుల్లో వచ్చింది. జాకీ చక్రాలు రెండూ మార్చాను. గేర్ వైరు, ఔటర్ కూడా కొత్తవి వేశాను. వరద నీటి మట్టి ఔటర్ లోపల ఎండి ఉండిపోతుంది, ఎంత ఊదినా పోదు. మొదటిసారి తీసుకున్న 250 బిల్లులో తగ్గించాను. బిగించాక వైరు టెన్షన్ పెట్టడం అయిదు నిమిషాల పని అయింది, అంతకుముందు గంటసేపు కుస్తీ పట్టినా కుదరని పని. ఈసారి పరీక్ష స్టాండు మీద కాదు, నేనే సింగ్‌నగర్ ఫ్లైఓవర్‌కి తీసుకెళ్ళి ఎక్కుడులో నిలబడి తొక్కి, 18 నుంచి 28 దాకా ఒక్కొక్కటీ మార్చి చూశాను. మళ్ళీ మార్కర్ పూశాను కూడా, గుంటల్లో రంగు పోయింది, కొసన నిలిచింది.

600 కిలోమీటర్ల తర్వాత చూపించమన్నాను, మేలో వచ్చారు. 21, 24 పళ్ళు శుభ్రం, పొరక లేదు, చైను గేజి 0.5 దగ్గర దిగలేదు. ముందు పెద్ద చైన్‌వీల్, వెనక పెద్ద ప్లేటు కలిపి పెడితే కాస్త శబ్దం ఉందన్నారు, అది ఏ సైకిల్‌కైనా ఉంటుంది, చైను అంత వంకర పడితే అరవకుండా ఎలా ఉంటుంది.

ఇలా కలగాపులగం చేసినవాటిలో ఘోరంగా తప్పినవే నయం. తొమ్మిది స్పీడ్ షిఫ్టర్‌కి పది స్పీడ్ ఎంటీబీ (కొండ దారుల సైకిల్) డిరైలర్ తగిలించి తెచ్చాడు ఒక కుర్రాడు. ఆ డిరైలర్ లెక్క 1.7 కాదు, 1.2. 2.5 లాగితే జరిగేది 3 మిల్లీమీటర్లే, ఏ గేరూ సరిగ్గా పడదు, షాపు గుమ్మం దాటకముందే తెలిసిపోతుంది, అరగడానికి టైమే ఉండదు. స్పీడు అంకె ఒకటే అయినా నమ్మడానికి లేదు. రోడ్ సైకిళ్ళలో షిమానో టియాగ్రా గేర్ల మోడళ్ళు 4600, 4700 రెండూ పది స్పీడే, రెండూ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి, కానీ 4700 వైరు లాగే లెక్క మార్చేశారు, దాని డిరైలర్‌కి 4600 షిఫ్టర్ పనికిరాదు. నేను ఇప్పుడు ఎవరి సైకిల్ వచ్చినా హ్యాంగర్ వంక చూడకముందు క్లిక్కులు, ప్లేట్లు లెక్కపెడుతున్నాను, అర నిమిషం పట్టదు.

మేలో వచ్చినప్పుడు మాస్టారు ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చారు. అందులో వరదలో బిగుసుకుపోయిందని తీసేసిన పాత ఎనిమిది స్పీడ్ షిఫ్టర్, ఆ షాపు వాళ్ళు తిరిగి ఇచ్చేస్తే ఇంట్లో పడేసి ఉంచారట. మూత స్క్రూ విప్పి చూస్తే లోపల గ్రీజు, బుడమేరు మట్టి కలిసి అప్పడాల పిండిలా గట్టిపడి ఉంది. రాత్రంతా కిరసనాయిల్‌లో నానబెట్టి, పొద్దున పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, గాలి కొట్టి, రెండు చుక్కల నూనె వేసి లీవర్ నొక్కాను. ఒకటి, రెండు, మూడు... ఏడు. విరిగిన ముక్క ఒక్కటి లేదు. ఫోన్ చేసి చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అయితే అసలు మార్చక్కర్లేదన్నమాట" అన్నారు. అది ఇప్పుడు నా స్పేర్ల డబ్బాలో ఉంది, మీద మార్కర్‌తో పెద్దగా 8 అని రాసి పెట్టాను.